పంటి వన్నె పూడికలు

ఆదోని పత్తి బజారులో బేరము జరుగుచున్నప్పుడు నిలిచి చూచినవారికి ఒక విశేషము కనబడును. కొనువాడు రాశినుండి పిడికెడు పత్తిని పెఱికి, వెలుతురునకు త్రిప్పి, దాని తెలుపును పరికించును. మన కంటికి అది వట్టి తెల్లని పత్తి. అతని కంటికి పాలతెలుపు వేఱు, పసిమి తిరిగిన తెలుపు వేఱు, వానకు తడిసి బూడిదవన్నె పట్టిన తెలుపు వేఱు. వెలయు ఆ భేదమును బట్టి మాఱును. ఎమ్మిగనూరు నేతగాండ్రును ఈ విద్యయందు తక్కువవారు కారు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్రకు సహకార సంఘమును స్థాపించిన ఊరు అది. రంగువేసిన రెండు నూలు చిలపలను ప్రక్కప్రక్కన పట్టి, ఇవి ఒక్క తొట్టిలో అద్దినవి కావని చూచినంతనే చెప్పగలవారు అచ్చట నున్నారు.

నేడు నేను ప్రసంగింపబోవునది పత్తిని గూర్చియు కాదు, నూలును గూర్చియు కాదు. పుచ్చిన పంటిని, విఱిగిన పంటిని పూడ్చుటకై దంతవైద్యులు వాడు పంటిరంగు పదార్థమును గూర్చి. ఆ పదార్థమును పంటి వన్నెతో ఎట్లు సరిచూతురు, ఆ వన్నె నోటిలో ఏల మాఱును, మాఱినప్పుడు ఏమి చేయవలెను అనునవి నా విషయములు. పత్తి బేరగాని కన్నును, నేతగాని కన్నును ముందుగా తలచుటకు కారణము కలదు. ఈ పనికి కావలసినది ఆ కన్నే.

ఇది అలంకారప్రియుల గొడవ యని కొందఱు పెద్దలు కొట్టివేయుదురు. ఆ మాట నేనొప్పుకొనను. బంతియాటలో ముందుపన్ను విఱిగిన బాలుడు, ఆ పన్ను పూడ్పించుకొన్న పిమ్మట కూడ నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వుచుండినచో, ఆ పూడిక సగమే పనిచేసినదని నా యభిప్రాయము. అంతకంటె ముఖ్యమైన కారణము మఱియొకటి కలదు. రంగు మాఱినదన్న ఒక్క హేతువుచేత పాత పూడికను తీసి క్రొత్తది వేయించుకొనువారు పెక్కుమంది. పూడికయు పన్నును ఒకే వన్నెలో నుండుటచే, తీయునప్పుడు ఏది పూడికయో ఏది పన్నో ఆనవాలు తెలియదు. కావున ప్రతిసారియు కొంత మంచి పన్ను కూడ అరిగిపోవును. గుంట పెద్దదగును, గోడలు పలుచనగును. రెండు మూడు పర్యాయములైన పిమ్మట ఆ పంటికి పూడిక చాలదు; తొడుగు వేయవలసి వచ్చును. కావున మొదటిసారియే వన్నె కుదుర్చుటయు, కుదిరిన వన్నెను కాపాడుటయు పంటి ఆయువునకు సంబంధించిన పనులు.

మన వైపు జనులు ఈ పూడికను సిమెంటు అందురు. 'పంటికి సిమెంటు పెట్టించుకొంటిని' అనుట వినుచునే యుందుము. శాస్త్రమున దీని పేరు కాంపోజిటు రెజిను. సిమెంటు అను పేరు ఒకప్పుడు సరియైనదే. నూఱేండ్లకు పూర్వము ముందుపండ్లను పూడ్చుటకు సిలికేటు సిమెంటు వాడెడివారు. అది చూపునకు బాగుగనే యుండెడిది కాని లాలాజలములో మెల్లమెల్లగా కరగిపోయెడిది. 1940 తరువాతి కాలమున ఆక్రిలిక్ రెజిను వాడుకకు వచ్చినది. అది కరగదు, కాని గట్టిపడునప్పుడు ముడుచుకొనును. ముడుచుకొనినప్పుడు అంచున సన్నని సందు విడుచును, ఆ సందున మురికి చేరును, పదార్థము కూడ కాలక్రమమున పసుపుపచ్చనగును. 1955లో అమెరికాదేశమున మైకేల్ బ్యూనకోర్ అను దంతవైద్యుడు, ఫాస్ఫారికామ్లముతో పంటి పైపొరను కొలదిగా గఱుకు చేసినచో రెజిను దానిని గట్టిగా పట్టుకొనునని చూపెను. ఆ దేశముననే రాఫెల్ బోవెన్ అను నాతడు, బిస్-జిఎంఎ అను క్రొత్త రెజినును కల్పించి, అందు మెత్తని గాజుపొడిని మేళవించి, 1962లో పేటెంటు పొందెను. సున్నమునకు ఇసుక యెట్టిదో ఈ రెజినునకు గాజుపొడి యట్టిది. ముడుచుకొనుటను తగ్గించును, అరుగుదలకు నిలుచును. గాజునకును రెజినునకును పొత్తు కుదురుటకై గాజురేణువులకు సిలేను అను పూత వేయుదురు. ఈనాటి పూడికలలో అధికభాగము ఈ కల్పన సంతతియే. వెనుకపండ్లకు మాత్రము పాదరసము కలిపిన వెండి పూడికలు చిరకాలము నడచినవి. పాదరసపు వాడుకను తగ్గింపవలెనని 2013లో మినమాటా ఒడంబడిక కుదిరిన పిమ్మట వెనుకపండ్లకును ఈ పంటిరంగు పదార్థమునే వాడుట హెచ్చుచున్నది.

ఇక పంటి వన్నె సంగతి. పన్ను తెల్లనిదని చిన్ననాటి పాఠము. నిజమునకు ఏ పన్నును సుద్దముక్కవలె తెల్లగా నుండదు. పంటి పైపొరయగు ఎనామెలు ఇంచుమించు గాజువంటిది. వెలుతురును లోనికి పోనిచ్చును. దాని లోపలి డెంటీను అనునది పసుపుదాల్చినది. మనకు కనబడు వన్నె, వెలుతురు ఎనామెలులో చొచ్చి, డెంటీనుపై తాకి, చెదరి, తిరిగివచ్చినప్పటిది. కావుననే ఎనామెలు పలుచనైన చిగురు దగ్గఱ పన్ను పసిమిగా నుండును. కొఱుకు అంచున డెంటీను లేదు గనుక అచ్చట నీలిఛాయ తోచును. కోఱపన్ను ప్రక్కపండ్లకంటె ముదురువన్నె. వయసు మీఱినకొలది ఎనామెలు అరిగి, డెంటీను దట్టమై, పన్ను ముదురుచుండును. ఒక్క పంటిలోనే ఇన్ని వన్నెలుండగా, నా పంటి రంగేది యని యడుగు ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదు.

అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో వెలువరించిన గ్రంథమున రంగును మూడు కొలతలుగా విభజించెను. ఎఱుపా పసుపా నీలమా అనునది ఒకటి, దానిని వర్ణమందము. వెలుగెంత చీకటియెంత అనునది రెండవది, దానిని కాంతియందము. ఆ వర్ణము దట్టమా పలుచనా అనునది మూడవది, దానిని గాఢతయందము. పంటి విషయమున ఈ మూటిలో కాంతికే అగ్రస్థానము. వర్ణమున కొలది తేడా యున్నను ఎదుటివాడు గుర్తింపడు. కాంతిలో తేడా వచ్చెనా, నాలుగడుగుల దూరమునుండి కూడ ఆ పన్ను వేఱుగా తోచును. పూడిక పంటికంటె మందకాంతితో నున్నచో బూడిదవన్నె మచ్చవలె కనబడును. అధికకాంతితో నున్నచో అతుకు పెట్టినట్లు తెల్లగా మెఱయును.

వన్నె సరిచూచుటకు దంతవైద్యుల యొద్ద నమూనాపండ్ల వరుస యుండును. జర్మనీలోని వీటా సంస్థవారు 1956లో వెలువరించిన వరుస, కొలది మార్పులతో, నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. అందు 16 పండ్లు. ఎ తెగవి ఎఱుపు కలిసిన గోధుమవన్నె, బి తెగవి ఎఱుపు కలిసిన పసుపువన్నె, సి తెగవి బూడిదవన్నె, డి తెగవి ఎఱుపు కలిసిన బూడిదవన్నె. అంకె పెరిగినకొలది ముదురు. వైద్యుడు తన నర్సుతో 'ఎ2' అనియో 'ఎ3' అనియో చెప్పుట మీరు వినియుండవచ్చును, దాని భావమిదే. ఈ వరుసయందు లోపములు లేకపోలేదు. పంటికి పంటికి నడుమ మెట్లు సమానముగా లేవు. నమూనాలను చేసిన పదార్థమును, నోటిలో పూడ్చు పదార్థమును ఒకటి కావు. ఒకే ఎ2 అని పేరున్న రెండు కంపెనీల రెజినులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో రెండు వన్నెలుగా నుండుటయు కద్దు. కావున ఆ వరుస దారిచూపు బంట్రోతు వంటిదే. గమ్యమునకు చేర్చునది వేఱొకటి. దానిని మీదట చెప్పెదను.

వన్నె చూచు వేళయు, తావును, వెలుతురును ప్రధానము. నేతగాడు రంగును దుకాణములోని దీపముక్రింద నిర్ణయింపడు. చిలపను వాకిటికి తెచ్చి చూచును. ఒక దీపముక్రింద ఒక్కటిగా నున్న రెండు రంగులు మఱియొక వెలుతురులో విడిపోవుట అతడెఱుగును. దీనికి శాస్త్రజ్ఞులు మెటామెరిజము అని పేరిడిరి. పూడికకును ఇదే పాటు. వైద్యశాల దీపముక్రింద అచ్చముగా కుదిరిన పూడిక పెండ్లిపందిటి దీపములలో వేఱుగా కనబడవచ్చును. పగటివెలుతురే మేలు, అదియు నేరుటెండ కాదు. మంత్రాలయమున తుంగభద్ర మెట్లమీద ఉదయమున చూచిన పసుపు చీర, మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలవెలబోవును, ప్రొద్దుగ్రుంకువేళ కాషాయమునకు తిరుగును. పంటి వన్నెకును అంతే. ఉత్తరపు కిటికీనుండి వచ్చు నెమ్మదియైన వెలుతురు, ఉదయము పదిగంటల ప్రాంతమున, ఈ పనికి శ్రేష్ఠము. అది దొరకనిచోట 5500 మొదలు 6500 కెల్విన్ల వఱకు గల దీపములను వాడుదురు. కుర్చీమీది పెద్ద దీపమును మాత్రము ఆర్పియే చూడవలెను.

కన్ను కూడ అలసిపోవును. ఒకే రంగును ఎడతెగక చూచినచో కంటికి ఆ రంగు మొద్దుబాఱును. ఐదాఱు సెకండ్లకు మించి చూడక, నడుమ బూడిదవన్నె కాగితముమీదికి చూపు మరల్చి, మఱల చూడవలెను. ఎఱ్ఱని పట్టుచీర కట్టి, పెదవులకు రంగు పూసికొని వచ్చిన సోదరి పంటి వన్నెను నిర్ణయించుట కష్టము. ఆ ఎఱుపు చూపరి కంటిలో పంటిని ఆకుపచ్చవైపు లాగును. అట్టిచో మెడనుండి బూడిదవన్నె గుడ్డ కప్పి చూతురు. ఇది వేడుకకు చేయు పని కాదని గ్రహింపవలెను.

అన్నిటికంటె తఱచుగా జరుగు పొరపాటొకటి కలదు. పంటిని పూడ్చుటకు ముందు లాలాజలము తగులకుండ దూదియో రబ్బరు తెరయో పెట్టి ఆరబెట్టుదురు. ఆరిన పన్ను తెల్లనగును. ఎనామెలులోని సూక్ష్మరంధ్రములందున్న నీరు పోయి గాలి చేరుటయే కారణము. తడిసిన గోడ ఆరినప్పుడు లేతవన్నె యగుట వంటిదే. కొద్ది నిమిషములలోనే ఈ మార్పు వచ్చును. తిరిగి నీరు పీల్చి పూర్వపు వన్నెకు వచ్చుటకు మాత్రము చాలసేపు పట్టును, ఒక్కొక్కప్పుడు మఱునాటివఱకు పట్టును. ఆరిన పిమ్మట వన్నె చూచి పూడిక పెట్టినచో, నాడు అది అచ్చముగా కుదిరినట్లుండి, మఱునాడు పన్ను తన వన్నెకు వచ్చి, పూడిక ఒంటరిగా తెల్లగా మిగులును. కావున వన్నె చూచుట మొట్టమొదటి పని. సూది వేయుటకును, తెర కట్టుటకును ముందుగా జరుగవలసినది. ఇదే కారణముచేత పూడిక పెట్టించుకొన్ననాడే అద్దములో చూచి, పంటికంటె ముదురుగా నున్నదని తగవులాడుట తగదు. ఆనాడు మాఱినది పన్ను, పూడిక కాదు. ఒకటి రెండు దినములాగి చూడవలెను.

నమూనాపంటికంటె నమ్మదగినది పదార్థమే. ఆమ్లము పూయక ముందే, కావలసిన రెజినును చిఱుకణికగా పంటిమీద పెట్టి, నీలికాంతితో గట్టిపఱచి, తడిచేసి చూతురు. సరిపోయినచో మంచిది, లేనిచో గోటితో గీకినట్లు ఊడివచ్చును. గట్టిపఱచకుండ చూచుట వ్యర్థము. గట్టిపడుటకు ముందొక వన్నె, తరువాత నొక వన్నె. రెజినులో క్యాంఫరుక్వినోను అను పసుపు ద్రవ్యము కొలదిగా నుండును. ఇంచుమించు 468 నానోమీటర్ల నీలికాంతిని అది గ్రహించి, గట్టిపడు క్రియను ప్రారంభించును. ఆ పనిలో తాను వ్యయమై తన పసుపును చాలవఱకు పోగొట్టుకొనును. ఇంత చేసినను, కణిక దళసరి పూడిక దళసరితో సమానముగా నుండవలెను. పలుచని రెజిను వెనుక నోటి చీకటి తొంగిచూచును. విఱిగిన ముందుపంటిని ఒకే వన్నెతో కట్టినచో బూడిదవన్నె తిరుగుటకు ఇదే మూలము. నేర్పరులు లోపల డెంటీనునకు బదులుగా వెలుతురు పాఱని రెజినును, పైని ఎనామెలునకు బదులుగా పారభాసక రెజినును పొరలుగా వేయుదురు. ఈ పనికి ఓపికయు కాలమును కావలెను. త్వరగా ముగింపుమని తొందరపెట్టువారు దానిని పొందజాలరు.

నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్న పల్లెలనుండి వచ్చువారి పండ్లు మఱియొక చిక్కు. 1937లో నాటి మద్రాసు రాజధానియందు నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని వైద్యులు వర్ణించిరి. తరువాత నల్లగొండ మున్నగు సీమలలోను బయల్పడినది. ఆ పండ్లపై సుద్దతెలుపు చారలు, గోధుమవన్నె మచ్చలు కలగలిసియుండును. 16 నమూనాలలో ఏదియు వానికి సరిపడదు. అట్టి ఎనామెలు ఆమ్లమునకు కూడ సులభముగా లొంగదు గనుక రెజిను పట్టు కుదురుటకు అధిక శ్రద్ధ వహింపవలెను.

ఈ వన్నెల చిక్కును తప్పించుటకు ఇటీవల ఒక యుక్తి వచ్చినది. 2019లో జపానుదేశపు టొకుయామా సంస్థవారు ఆమ్నిక్రోమా అను ఒంటివన్నె రెజినును విపణికి తెచ్చిరి. అందు రంగుద్రవ్యము లేదు. 260 నానోమీటర్ల సమానపరిమాణము గల గుండ్రని రేణువులే వెలుతురును విఱిచి పంటి వన్నెను పుట్టించును. నెమలి పింఛములోని నీలము రంగుద్రవ్యముచేత గాక నిర్మాణముచేత కలుగును గదా, అట్టిదే ఇదియు. చుట్టును పంటిగోడలున్న చిన్న గుంటలలో ఇది మెచ్చదగినదే. వెనుక గోడ లేని విఱిగిన ముందుపంటికి మాత్రము ఒంటిగా దీనిని వాడరాదు. వెనుకనుండి చీకటి కనబడకుండ ఆచ్ఛాదన వేయవలెను. ప్రకటనలలో ఈ రెండవ మాట చిన్న అక్షరములలో నుండును.

వన్నె కుదిరినది సరే, నిలుచునా? ఎమ్మిగనూరు వైపు నేతగాడొకడు పంటి పనికి వచ్చి ఇట్లడిగినాడు: 'అయ్యా, మా నూలు రంగు పక్కాదో కాదో సబ్బునీట ఉడికించి, ఎండలో వేసి చూతుము. మీ సిమెంటును ఎట్లు పరీక్షింతురు?' ప్రశ్న చక్కనిది. పరిశోధనశాలలలోను అదే చేయుదురు. రెజినుతో చిఱుబిళ్లలు చేసి, కాఫీలో, తేనీటిలో, పసుపునీటిలో దినములు వారములు నానవేసి, తీవ్రమైన వెలుతురున ఉంచి, ముందు వెనుకల వన్నెను యంత్రముతో కొలుతురు. 1976లో అంతర్జాతీయ ప్రకాశ సంఘమువారు నిర్ణయించిన కొలతలో ఈ భేదమును డెల్టా ఇ అందురు. దంతవైద్యమున డెల్టా ఇ 1.2 ఉన్నప్పుడు చూచువారిలో సగముమంది తేడాను కనుగొనగలరు, 2.7 ఉన్నప్పుడు సగముమంది అది అంగీకరింపదగదందురు. నడుమ నున్నది కనబడియు సహింపదగిన తేడా. నోటిలోని పూడిక బిళ్ల కాదు గనుక, దానిని దినమునకు రెండుసార్లు తోముదురు గనుక, పరిశోధనశాల అంకెలను యథాతథముగా నోటికి అన్వయింపరాదు. ఏ పదార్థము ఏ పదార్థముకంటె మేలో తెలిసికొనుటకు మాత్రము అవి పనికివచ్చును.

వన్నె మాఱుటకు కారణములు కొన్ని లోపలివి, కొన్ని వెలుపలివి. లోపలివానిలో ముఖ్యమైనది, క్యాంఫరుక్వినోనునకు తోడుగా కలుపు ఎమీను అను ద్రవ్యము. అది కాలక్రమమున ఆక్సిజనుతో కూడి పసుపు గోధుమవన్నెలకు తిరుగును. రెండు ముద్దలను కలిపి గట్టిపఱచు పాత పద్ధతిలో ఎమీను హెచ్చు గనుక ఆ పూడికలు మఱింత వేగముగా పసుపువాఱెడివి. నీలికాంతి పద్ధతిలో ఈ దోషము తగ్గినదే కాని పోలేదు. రెండవది నీటిని పీల్చుగుణము. రెజినులో టెగ్డిఎంఎ అను పలుచని భాగము హెచ్చుగా నున్నచో అది నీటిని పీల్చును. నీటితోపాటు నీటిలోని రంగును పీల్చును. మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె పెద్దది, సగము ఉడికిన పూడిక. అన్నము పలుకుగా నున్నట్లే రెజినును పలుకుగా మిగిలిపోవచ్చును. సాధారణ రెజినును 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేసి, ప్రతి పొరకు తగినంతసేపు కాంతి చూపవలెను. ఛార్జి తగ్గిన దీపము నీలముగానే వెలుగుచుండును. కంటికి తేడా తెలియదు. పైపొర గట్టిపడి లోపల మెత్తగా నుండును. అట్టి పూడిక చెంబులో నానిన పప్పువలె ఏ రంగునైనను త్రాగును. దీపపు బలమును కొలుచు చిన్న యంత్రము వెలగలది కాదు. దానిని వాడని వైద్యశాలలు ఇంకను ఉండుట విచారకరము.

గట్టిపడిన పూడిక పైభాగమున, గాలి తగులుటచే, సన్నని జిగటపొర యొకటి మిగులును. ఆక్సిజను గట్టిపడు క్రియను అడ్డుటయే కారణము. ఆ పొరను తీసివేసి, బిళ్లలతో వరుసగా మెఱుగుపెట్టనిచో అది మొదటి కప్పు టీకే మరకపట్టును. మెఱుగుపెట్టిన పూడిక నాలుకకు గాజువలె తగులును. నాలుకకు గఱుకు తోచినచో వైద్యునితో చెప్పుటకు సంకోచింపవలదు.

వెలుపలి కారణములలో మన వంటయింటికి పెద్దపీట. ఉగ్గానిలో పసుపు, పప్పులో పసుపు, పులుసులో పసుపు. పసుపులోని కర్క్యుమిను చిన్నయణువు; నీటిలో కరగదు, నూనెలో కరగును. రెజినును నూనెకు దగ్గఱి చుట్టమే గనుక కర్క్యుమిను దానిలోనికి సులభముగా చొచ్చును. టీ కాఫీలకంటె పసుపే కొన్ని పరీక్షలలో హెచ్చు మరకను పెట్టినది. ఐనను ఒక ఊఱట కలదు. తెల్లపంచెమీది పసుపుమరకను ఎండలో వేసిన వెలిసిపోవుట మన యిల్లాండ్రకు తెలిసినదే. కర్క్యుమిను వెలుతురునకు నిలువదు. నోటిలో ఎండ లేదు గనుక ఆ మేలు పూడికకు అందదు. తోముటచేతను మెఱుగుచేతను పైపైది పోవును.

ఆకువక్కల సంగతి వేఱు. వక్కలోను కాచులోను టానినులు మెండు. సున్నముతో కూడినప్పుడు అవి ఎఱుపెక్కి, నాళ్లు గడిచినకొలది నల్లనై, పంటికిని పూడికకును బంకవలె పట్టును. ముఖ్యముగా పూడిక అంచున. పొగాకు, బీడీ, గుట్కాలును అంతే. వానివలన రంగుకంటె ఘోరమైన కీడు కలదని వేఱుగా చెప్పనక్కఱలేదు. వైద్యులిచ్చు క్లోరుహెక్సిడిను పుక్కిలింపు మందు కూడ, టీ కాఫీలతో కలిసినచో గోధుమవన్నె మరకను పెట్టును. అది కొద్దిదినముల మందు. అంగడిలో కొని ఏండ్లతరబడి వాడుట తగదు. రెజిను గట్టిపడు క్రియ కాంతి తొలగిన పిమ్మటను ఇంచుమించు ఒక దినము సాగుచుండును. కావున మొదటి 24 గంటలు టీ, కాఫీ, పసుపు దట్టించిన కూరలు, తాంబూలము మానుట మేలు. పెరుగన్నముతో ఒకపూట గడపుట మన సీమవారికి కష్టము కాదు.

పండ్లను తెలుపు చేయించుకొనదలచినవారు క్రమమును గమనింపవలెను. పెరాక్సైడు పంటిని తెల్లబఱచును, పూడికను తెల్లబఱుపదు. పూడిక ముందుపెట్టించుకొని పిదప తెలుపు చేయించుకొన్నచో పాతగోడకు క్రొత్తసున్నము కొట్టి నడుమ నొక చదరము విడిచినట్లుండును. ముందు తెలుపు, తరువాత ఇంచుమించు రెండువారములు ఆగుట, అటుపిమ్మట పూడిక. ఆగుటకు హేతువులు రెండు: పంటి వన్నె కుదుటబడవలెను, పంటిలో నిలిచిన ఆక్సిజను వెడలిపోవలెను, అది యుండగా రెజిను పట్టు చాలదు.

ఇక రంగు మాఱిన పూడికను ఏమి చేయవలెను? మొదట అది ఎక్కడ మాఱినదో చూడవలెను. పైభాగము మాత్రమే మాసినచో మెఱుగుపెట్టిన చాలును. కొద్దినిమిషముల పని, పన్ను పోదు. అంచుచుట్టు సన్నని గోధుమగీత యున్నచో, అది పుప్పి యనుకొని వెంటనే త్రవ్వరాదు. చాలసార్లు అది వట్టి మరకయే. అంచు గట్టిగా నున్నదా, లోపల మెత్తబడినదా అనునది పరీక్షించి, అవసరమైన ఎక్స్‌రే తీసి, అప్పుడు నిర్ణయింపవలెను. అంచున ఒకచోట మాత్రమే చెడినచో ఆ మేరకు గీకి, క్రొత్త రెజినును అతుకవచ్చును. దళమంతయు వన్నె మాఱినను, పైని ఒక మిల్లీమీటరు తీసి పొరవేయుట సాధ్యము. మొత్తము తీసివేయుట కడపటి మార్గము. 'సిమెంటు నల్లబడినది, తీసి క్రొత్తది వేయుడు' అని పట్టుపట్టు రోగియు, అడిగినదే తడవుగా మరయంత్రము చేతబట్టు వైద్యుడును కలిసి పంటికి చేయు అపకారము, పుప్పిపురుగు అని మన పెద్దలు చెప్పునది ఉండినను చేయజాలదు.

పూడికకు పోవువారు ఉదయమున పోవుడు. పెదవిరంగు లేకుండ, లేతవన్నె బట్టతో పోవుడు. ఆమ్లము పూయకముందు పంటిమీద పెట్టి చూపు కణికను, అద్దము చేతబట్టి, కుర్చీ దిగి, కిటికీ యొద్దకు పోయి చూచుకొనుటకు వైద్యుని అనుమతి నడుగుడు. మీతో వచ్చినవారిని కూడ మాటలాడు దూరమున నిలిచి చూడుమనుడు. ఇక వెడలివచ్చునప్పుడు ఏ కంపెనీ రెజినును, ఏ వన్నెను, ఎన్ని పొరలుగా వాడినారో ఒక చీటీమీద వ్రాయించుకొని, తేదీతోసహా ఇంట దాచుకొనుడు. ఐదేండ్లకో ఏడేండ్లకో ఆ పూడిక అంచున చిన్నపెచ్చు లేచినప్పుడు, మీరు ఆదోనిలో నున్నను కర్నూలులో నున్నను, ఆ చీటీ చూచిన వైద్యుడు అదే పదార్థముతో ఆ మేరకే అతుకు వేయగలడు.